ఖాళీని కూడా ఫొటో తీయండి!

తాతయ్య పోయినప్పుడు పెద్దకర్మకి ఫొటో కట్టించాలన్నారు. నా దగ్గరేం తక్కువా? జర్నలిజం డిప్లొమాలో చేరిన కొత్తలో కొన్న కెమెరాతో, సెలవులకి ఊరెళ్లినప్పుడల్లా ఆయన్ని తెగ తీసేవాణ్ని. వెతికితే నలభైకి పైనే తేలాయి. అన్నీ ప్రింట్లు వేయించి మంచమ్మీద పరిచాను. నానమ్మ ఒక్కొక్కటీ తీసి చూసి, ‘‘మొహమైతే మీ తాతదే. కానీ ఎక్కడున్నాడ్రా ఈయన?’’ అంది.

నిజమే... ఎక్కడున్నాడు? అన్నిట్లోనూ మొహమే. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా మొహం. దగ్గరికెళ్లి తీస్తేనే మంచి ఫొటో అని ఎక్కడో చదివి, ఆ ఒక్క ముక్కా పట్టుకుని తీసినవి. వెనకున్నది మా ఇల్లో, ఆస్పత్రి గోడో నాకే తెలీదు.

చివరికి నానమ్మ ఏరింది, నేను పనికిరాదని పక్కన పడేసిన ఫొటోని! అందులో తాతయ్య కుడివైపు కింది మూలన గట్టు మీద నిలబడి వేలెడంత కనిపిస్తాడు. ఎడమ వైపుకి చూస్తుంటాడు. మిగతాదంతా అప్పుడే ఊడ్చిన మడి, దాని మీద మబ్బులు. ‘‘ఇదిగో, ఈయనా మీ తాత’’ అంది నానమ్మ. తర్వాత రెండేళ్లకి ఆ పొలం అమ్మాల్సి వచ్చింది. ఇప్పుడక్కడ ప్లాట్ల హద్దురాళ్లున్నాయి. మాకు మిగిలిన పొలం ఆ ఫొటోలోదే.

అనుకోకుండా కుదిరిన ఆ ఫొటో ఎందుకు బాగుందో తర్వాత్తర్వాత అర్థమైంది. మనిషి ఎటు చూస్తుంటే అటు జాగా ఉండాలి. చూసేవాళ్ల కళ్లూ అటే వెళ్తాయి మరి. ముక్కు ముందే ఫ్రేము అయిపోతే గోడకేసి నిలబెట్టినట్టుంటుంది. పరుగెత్తే పిల్లాడికైనా, సైకిలుకైనా ఇదే సూత్రం... ముందు ఎక్కువ, వెనక తక్కువ. ‘వెళ్లిపోతున్నారు’ అని చెప్పాలంటే మాత్రం తిరగేయండి. అత్తారింటికి బయల్దేరిన అమ్మాయి వెనక ఖాళీ వాకిలి పడితే ఇక వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు.

దీన్ని అందరికంటే ధైర్యంగా చేసి చూపించిన వాళ్లలో అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆర్నాల్డ్ న్యూమన్ ఒకరు. 1946లో ఆయన సంగీతకారుడు స్ట్రావిన్‌స్కీని ఫొటో తీశారు. ఫ్రేములో ఎక్కువ భాగం పైకెత్తిన పియానో మూతే. నల్లగా, పెద్దగా. ఆ మహానుభావుడు ఎడమవైపు కింది మూలన తలకి చెయ్యి ఆనించుకుని చిన్నగా కనిపిస్తారు. తీయించిన పత్రిక ఆ ఫొటోని వద్దంది. న్యూమన్ పేరు చెప్పగానే ఎక్కువమందికి ముందు గుర్తొచ్చేది ఇప్పుడదే!

ఖాళీ అంటే పెద్దదే కానక్కర్లేదు. ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ కార్టియే బ్రెసాన్ 1932లో పారిస్‌లో ఒక రైల్వే స్టేషన్ వెనక, నీటిగుంట దాటుతున్న మనిషిని తీశారు. అతని మడమకీ నీళ్లకీ మధ్య వెంట్రుకవాసి సందు. మన చూపు మొత్తం అక్కడే ఆగిపోతుంది. ఆ కాస్త సందూ లేకపోతే అది నీళ్లలో కాలేసిన మనిషి ఫొటో, అంతే.

అలాగని ప్రతి ఫొటోలోనూ మనుషుల్ని చీమల్లా చూపించమని కాదు. ఫంక్షన్ హాళ్లలో చూస్తుంటాం కదా... పైన సగం సీలింగు, కింద పావు వంతు తివాచీ, మధ్యలో పెళ్లివారు. అలాంటి ఖాళీ దండగ. పసిబిడ్డ నవ్వుకీ, అమ్మమ్మ చేతి ముడతలకీ దగ్గరికెళ్లాల్సిందే. తేడా తెలియాలంటే ఒక పరీక్ష ఉంది. ఖాళీగా ఉన్న భాగాన్ని వేలితో మూసి చూడండి. ఏమీ పోలేదనిపిస్తే కత్తిరించెయ్యండి. ఏదో పోయిందనిపిస్తే ముట్టుకోకండి.

ఫోనులో ఇవి ప్రయత్నించండి. కెమెరా సెటింగ్స్‌లో అడ్డం, నిలువు గీతలు వచ్చేలా పెట్టుకుని, మనిషిని నట్టనడుమ కాకుండా ఒక నిలువు గీత మీదికి జరపండి. నేలా ఆకాశం కలిసేచోటు మెడ మీదుగా పోకుండా చూడండి. తల మీంచి కరెంటు స్తంభం మొలుచుకొస్తే మీరే ఒక అడుగు పక్కకి జరగండి. ముఖ్యంగా, దగ్గరగా ఒకటి తీశాక నాలుగడుగులు వెనక్కేసి ఇంకోటి తీయండి. ఎక్కువైంది తర్వాత కత్తిరించుకోవచ్చు. ఫ్రేములో పడనిది ఎక్కణ్నుంచి తెస్తాం? కంప్యూటరు ఏదో ఒక పొలాన్ని కల్పించి ఇస్తుందేమో కానీ, అది తాతయ్య దున్నిన పొలం కాదుగా!

మొన్న ఆదివారం అమ్మ వసారాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఫోను తీసి వెనక్కి నడిచాను. అరుగు, తులసికోట, తీగమీది బట్టలు అన్నీ పడేదాకా. ‘‘ఎక్కడికిరా అలా వెనక్కెళ్తావ్, పడతావ్’’ అంటోంది అమ్మ.

ఇంకో రెండడుగులు వేశాను.