బీటు కట్టినమ్మాయి పాడకూడదా?

పోయిన ఏడాది మన డిపార్ట్‌మెంట్ వీడ్కోలు సభలో చివర ఒక పాట పాడారు, గుర్తుందా? సీనియర్ అక్కలు ఏడుస్తూ నవ్వుతూ చప్పట్లు కొట్టారు. వెనకాల డోలు శబ్దం, దాని మీద గబగబా మాటలు, మధ్యలో హాస్టల్ ఉప్మా మీద ఒక చురక. ఆ పాట రాసింది నేనే. ఫోన్లో ఒక యాప్ వేసుకుని ఆ బీటు కట్టింది కూడా నేనే. పాడింది మాత్రం నేను కాదు.

ఎందుకు పాడలేదంటే, రిహార్సల్ రోజున ఒకరు అన్నారు, "ఏమే, పాట బాగుంది గానీ నీ పలుకు స్టేజీకి బాగోదు. తెలుగులో ఒడియా వాసనొస్తంది" అని. అందరూ నవ్వారు, నేనూ నవ్వేశాను. మైకు ఇంకో అమ్మాయికి ఇచ్చేశాను. ఆమె చాలా బాగా పాడింది, ఆమె మీద నాకు ఏ కోపమూ లేదు. సభ అయ్యాక ఆమె పేరు చెప్పి అభినందించారు. రాసిందెవరని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ రాత్రి హాస్టల్లో పడుకున్నాక నాకు అర్థమైంది, నా పేరు చెప్పలేదన్న బాధ కంటే నా గొంతు నేనే దాచుకున్నానన్న బాధ పెద్దదని.

ఈ సంగతి ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు మా అన్నయ్య ఒక ఆల్బమ్ వినిపించాడు. పేరు 'ది కాలేజ్ డ్రాపౌట్'. అంటే కాలేజీ మానేసినవాడు అని. కాలేజీ గోడ మీద ఈ పేరు రాస్తే మేడమ్‌లు ఏమంటారో అని కొంచెం భయంగానే ఉంది. కానీ దాని వెనక కథ మనందరికీ పనికొచ్చేదే.

ముందు ఒక మాట చెప్పుకోవాలి. మన సినిమాల్లో ప్రొడ్యూసర్ అంటే డబ్బులు పెట్టే నిర్మాత. హిప్‌హాప్‌లో ప్రొడ్యూసర్ అంటే బీటు కట్టేవాడు. పాత పాటలోంచి చిన్న ముక్క తీసి, దాన్ని వేగం పెంచో తగ్గించో, కింద డ్రమ్ములు పెట్టి, ర్యాపర్ మాటలు చెప్పడానికి ఒక నేల తయారుచేస్తాడు. అలా తీసిన ముక్కని శాంపిల్ అంటారు. హరికథలో దాసుగారి వెనక మృదంగం వాయించే ఆయన్ని గుర్తు తెచ్చుకోండి. కథ నడవాలంటే ఆయన ఉండాలి, కానీ పోస్టర్ మీద పేరు దాసుగారిదే.

కాన్యే వెస్ట్ అలాంటి ప్రొడ్యూసర్. షికాగోలో పెరిగాడు. వాళ్ళమ్మ డోండా వెస్ట్ యూనివర్సిటీలో ఇంగ్లిష్ ప్రొఫెసర్. ఇతను చదువు మధ్యలో మానేసి బీట్లు కట్టే పనిలో పడ్డాడు. 2001లో జే-జీ అనే పెద్ద ర్యాపర్ 'ది బ్లూప్రింట్' అనే ఆల్బమ్ తెచ్చినప్పుడు అందులో కొన్ని పాటలకి బీట్లు ఇతనివే. దాంతో ప్రొడ్యూసర్‌గా మంచి పేరొచ్చింది. అయితే "నేనూ ర్యాప్ చేస్తాను" అంటే మాత్రం కంపెనీల వాళ్ళు పెద్దగా పట్టించుకోలేదు. బీట్లు ఇవ్వు చాలు అన్నట్టు చూశారు. ర్యాపర్ అంటే వీధుల్లో కష్టాలు పడి వచ్చినవాడిలా కనబడాలి, ఇతనేమో ప్రొఫెసర్ గారబ్బాయి, నీటుగా చొక్కా వేసుకునే మనిషి. వాళ్ళు అనుకున్న మూసలో ఇతను పట్టలేదు.

2002 అక్టోబర్‌లో స్టూడియో నుంచి తిరిగొస్తూ ఇతను కారు ప్రమాదంలో పడ్డాడు. దవడ విరిగింది. డాక్టర్లు తీగలతో దవడ బిగించి కట్టారు. నోరు సరిగా తెరుచుకోదు. ఆ స్థితిలోనే రెండు మూడు వారాల్లో ఒక పాట రికార్డు చేశాడు. దాని పేరు 'త్రూ ద వైర్', అంటే తీగల్లోంచి. వింటే నిజంగానే మాట కాస్త ముద్దగా వినిపిస్తుంది. ఆ ముద్దతనాన్ని దాచలేదు, బాగయ్యాక మళ్ళీ పాడదామని ఆగలేదు. 2004 ఫిబ్రవరిలో ఆల్బమ్ వచ్చింది. తర్వాతి ఏడాది ఉత్తమ ర్యాప్ ఆల్బమ్‌గా గ్రామీ అందుకుంది.

ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. ఆ మనిషి తర్వాతి కాలంలో యూదుల మీద ద్వేషంతో మాట్లాడిన మాటలు అందరికీ తెలిసినవే. వాటిని నేను సమర్థించను, ఎవరూ సమర్థించకూడదు. ఇక్కడ నేను మాట్లాడుతున్నది ఆ మొదటి ఆల్బమ్ గురించి, అది నాకు చెప్పిన ఒక్క సంగతి గురించి. పలుకు సరిగా లేదు కాబట్టి మైకు ముందుకి రాకూడదు అన్న నియమం నిజం కాదని ఆ పాట విన్నాక తెలిసింది.

"అతను అమెరికా మగాడు, మనకేం సంబంధం?" అంటారేమో. సరే, మన తెలుగింటి అమ్మాయి దగ్గరికే వద్దాం. రాజకుమారి అనే పేరుతో ర్యాప్ చేసే శ్వేతా యల్లాప్రగడ రావు. కాలిఫోర్నియాలో తెలుగు అమ్మానాన్నలకి పుట్టింది. చిన్నప్పటి నుంచి కూచిపూడి నేర్చుకుంది. ఆమె కూడా ముందు తెర వెనక మనిషే, వేరేవాళ్ళకి పాటలు రాసేది. 2013లో ఇగ్గీ అజేలియా పాడిన 'చేంజ్ యువర్ లైఫ్', 2014లో ఫాల్ ఔట్ బాయ్ బృందం పాడిన 'సెంచరీస్' రాసినవాళ్ళలో ఆమె పేరుంది. ఆ పాటలు ప్రపంచమంతా విన్నారు. రాసినవాళ్ళలో ఒక తెలుగమ్మాయి ఉందని మనలో ఎంతమందికి తెలుసు?

తర్వాత ఆమె మైకు తన చేతిలోకి తీసుకుంది. ర్యాప్ మధ్యలో నాట్యం క్లాసులో నేర్చుకున్న జతుల లయ వాడుకుంది. బొట్టు, నగలు పెట్టుకునే స్టేజీ ఎక్కింది. 2023లో తన సొంత లేబుల్ మీద 'ది బ్రిడ్జ్' అనే ఆల్బమ్ తెచ్చింది. అదే ఏడాది 'జవాన్' సినిమాలో అనిరుధ్ సంగీతానికి ర్యాప్ చేసింది ఈమే. ఆ పాటకి మన హాస్టల్లో గెంతనివాళ్ళు లేరు.

ఇద్దరి కథలోనూ నాకు కనబడింది ఒకటే. వెనక పని చేసేవాళ్ళకి పని బాగా వచ్చు. అయినా ముందుకి రమ్మని వాళ్ళని ఎవరూ పిలవరు. వాళ్ళే రావాలి. వచ్చేటప్పుడు తమలో ఏది "బాగోదు" అన్నారో దాన్ని ఇంట్లో వదిలేసి రాకూడదు, వెంట తెచ్చుకోవాలి.

ఇక మన సంగతి. మాది రాయగడ. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, సంతలో కువి మాటలు, కోరాపుట్ మేనత్త ఇంటికెళ్తే దేసియా. తెలుగు అక్షరాలు నాకు నేర్పింది మా నాయనమ్మ, గోడకి వేలాడే క్యాలెండరు మీద చెయ్యి పట్టుకుని దిద్దించి. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రం అయ్యేదాకా మా కోరాపుట్ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1992లో కోరాపుట్ నుంచి రాయగడ విడిపోయి వేరే జిల్లా అయింది. కాగితాల మీద గీతలు అటూ ఇటూ జరిగాయి. నాగావళి మాత్రం రాయగడ మీదుగా పార్వతీపురం వైపుకి అలాగే పారుతోంది. మా మాట కూడా అంతే. అందులో ఒడియా వాసన ఉంటే ఉంటుంది. కూరలో పోపు వాసన ఉన్నట్టు.

తెలుగు డిపార్ట్‌మెంట్ విద్యార్థినులుగా మనకి ఇంకో బాధ్యత కూడా ఉంది. ఆగస్టు 29న మనం పూలదండ వేసే గిడుగు రామమూర్తి పంతులుగారు పని చేసింది పర్లాకిమిడిలో. ఆ ఊరు ఇప్పుడు ఒడిశాలోనే ఉంది. జనం మాట్లాడే మాటే రాతలోకి రావాలని ఆయన జీవితమంతా పోరాడారు. సవరల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. మన గుణుపురం అమ్మాయిల ఊళ్ళ చుట్టూ వినిపించే భాష అదే. అటువంటి ఆయన ఫొటో కింద నిలబడి "నీ పలుకు బాగోదు" అనుకోవడం, అనిపించుకుని నవ్వేయడం రెండూ తప్పే. రెండో తప్పు నాది.

ర్యాప్ సాహిత్యమేమిటి, అందులో బూతులుంటాయి కదా అని కొందరు అంటారు. కొన్నిట్లో ఉంటాయి, నిజమే. ఆడవాళ్ళని కించపరిచే పాటలు చాలానే ఉన్నాయి. వాటిని నేను కూడా వినలేను, మధ్యలో ఆపేస్తాను. కానీ చాటువుల్లోనూ బూతులున్నాయి, అలాగని పద్యాన్ని వదిలేశామా? ప్రాస, యతి, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో లెక్క, ఇవన్నీ ర్యాప్‌లో ఉన్నాయి. ఆడపిల్లలం మనం రాయకపోతే అందులో మన గురించి మాట్లాడేది ఎప్పుడూ వేరేవాళ్ళే అవుతారు.

ఇంకో మాట కూడా వస్తుంది, వెనక పని చేయడం తక్కువా అని. కాదు. అందరూ మైకు ముందుకే రావాలని నేను అనడం లేదు. వెనక ఉండటం ఇష్టమైతే ఉండొచ్చు, పేరు మాత్రం ముందుకి రావాలి. ఇష్టం లేకుండా, సిగ్గు వల్లో ఎవరో అన్న మాట వల్లో వెనక ఉండిపోవడమే నాకు అభ్యంతరం.

ఇంతవరకూ రాసి ఈ వ్యాసం ముగిద్దామనుకున్నాను. అప్పుడు నా పాటలోని డోలు గుర్తొచ్చింది. అది ఎక్కడిది? నవంబరులో కోరాపుట్ పరబ్ పండక్కి మా మేనత్త నన్ను తీసుకెళ్ళింది. అక్కడ ఆడవాళ్ళు ఒకరి వీపు వెనక ఒకరు చేతులు కలుపుకుని ఢెంసా ఆడుతున్నారు. అరకులో థింసా అనేది ఇలాంటి ఆటే. పక్కన ఒక పెద్దాయన డోలు వాయిస్తుంటే నేను ఫోన్లో రికార్డు చేశాను. ఆ ముక్కే నా బీటు. మీరందరూ చప్పట్లు కొట్టింది సగం ఆయన చేతికి. ఆయన పేరు నేను అడగలేదు. "తీసుకోనా తాతా?" అని కూడా అడగలేదు.

'త్రూ ద వైర్' పాటలో చాకా ఖాన్ అనే గాయని పాత పాట ముక్క ఉంది. దాన్ని వాడుకోవడానికి అనుమతి తీసుకున్నారు, పాత పాట రాసినవాళ్ళ పేర్లు కొత్త పాట కింద కూడా ఉన్నాయి. పెద్ద కంపెనీల పాటకి అంత లెక్క ఉంటే, కోరాపుట్ డోలుకి లేదా? నా పేరు చెప్పలేదని ఏడ్చిన నేను ఆయనకి చేసింది కూడా అదే. ఈసారి పరబ్‌కి వెళ్ళి ఆయన్ని వెతుకుతాను. పాట వినిపించి, పేరు అడిగి, వాడుకోవచ్చా అని అడుగుతాను. వద్దంటే తీసేస్తాను.

మన గోడపత్రికకి ఒక కోరిక. మన వ్యాసాలన్నీ ముత్యాల్లాంటి దస్తూరీతో చార్టు మీద ఎక్కించే అమ్మాయి పేరు ఇన్ని సంచికల్లో ఒక్కసారైనా చూశారా? అంచులకి ముగ్గులు వేసే అమ్మాయి పేరు? ఈ సంచిక నుంచి ప్రతి రచన కింద రాసినవారు, ఎక్కించినవారు, బొమ్మ వేసినవారు అని మూడు పేర్లూ ఉంచమని సంపాదక వర్గాన్ని, మన మేడమ్‌లని అడుగుతున్నాను. ఒక్క గీత చోటు చాలు.

ఇక నా వంతు. వచ్చే ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి ఒక ర్యాప్ రాస్తున్నాను, రాయగడ మాటలతో. డోలు తాత దొరికేది నవంబరులో కాబట్టి, ఈసారికి బీటు మన మెస్సు స్టీలు పళ్ళెం మీద నా చేత్తో నేనే వేస్తాను. మైకు ఎవరికీ ఇవ్వను. ఒడియా వాసన వస్తే రానివ్వండి. నవ్వొస్తే నవ్వండి, కానీ చివరిదాకా విని నవ్వండి.