తిరిగి వస్తావా అని ముందు మనం అడగాలి

"చదువైపోగానే మా ఊరికి వచ్చేస్తాను." స్టూడెంట్ వీసా ఇంటర్వ్యూ కోసం మన పిల్లలు వల్లె వేసే మాట ఇది. ఇంట్లో పెద్దవాళ్ళ లెక్క మాత్రం వేరు. "రెండేళ్ళు చదువు, ఆ తర్వాత ఉద్యోగం, నాలుగేళ్ళు తిరక్కుండా లోన్ తీరిపోతుంది." మా కాజీపల్లి, బొల్లారం కంపెనీల్లో షిఫ్టులు చేసే ఇళ్ళవాళ్ళు ప్లాటు కాగితాలు బ్యాంకులో పెట్టేది ఆ డాలర్ల ధైర్యంతోనే. ఇక్కడి జీతంతో తీరని అప్పు నెత్తిన పెట్టి, "తిరిగొస్తానని చెప్పు" అంటే ఆ పిల్ల నోట నిజం ఎలా వస్తుంది?

అమెరికా చట్టంలో 214(బి) అని ఒక సెక్షన్ ఉంది. దాని ప్రకారం, వీసా అడిగే విద్యార్థి అక్కడే ఉండిపోవడానికి వస్తున్నట్టు అధికారి ముందుగా అనుకోవాలి. కాదని ఒప్పించాల్సింది మన పిల్లలే, అదీ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్ కిటికీ ముందు దొరికే కొద్ది నిమిషాల్లో. కాదంటే అప్పీలు లేదు, 185 డాలర్ల ఫీజు వెనక్కి రాదు. అదే దేశం చదువయ్యాక ఏడాదిపాటు పని చేసుకోనిస్తుంది, ఇంజనీరింగ్ లాంటి కోర్సులైతే మరో రెండేళ్ళు. ఒక చేత్తో రమ్మని, ఇంకో చేత్తో పొమ్మన్నట్టు లేదూ!

ఆస్ట్రేలియా ఈ విషయంలో కాస్త నయం. "తాత్కాలికంగానే వస్తున్నావా" అనే పరీక్షను 2024 మార్చి 23 నుంచి తీసేసి, "నిజంగా చదువుకోవడానికేనా" అని చూస్తోంది. నా దృష్టిలో అడగాల్సిన ప్రశ్న అదే. ఇరవై రెండేళ్ళ పిల్ల ఐదేళ్ళ తర్వాత ఎక్కడుంటుందో ఎవరు చెప్పగలరు? ఏం చదువుతుందో, ఎందుకు చదువుతుందో మాత్రం చెప్పగలదు.

చట్టం మన చేతిలో లేదు, సరే. మన చేతిలో ఉన్నదైనా చూసుకుందాం. వీసా కోసం అరువు తెచ్చిన బ్యాంకు బ్యాలెన్సు, దొంగ సర్టిఫికెట్లు వద్దు. అబద్ధం బయటపడితే అమెరికాకి జీవితాంతం దారి మూసుకుపోవచ్చు. కాలేజీ గురించి కూడా తల్లులు నాలుగు ప్రశ్నలు అడగాలి. 2019 జనవరిలో బయటపడిన ఫార్మింగ్టన్ యూనివర్సిటీ గుర్తుందా? అది అమెరికా అధికారులే వల పన్ని పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీ. క్లాసులు లేవు, పాఠాలు లేవు. అందులో చేరి ఎంతమంది తెలుగు పిల్లలు పట్టుబడ్డారో పేపర్లలో చూశాం.

అన్నిటికన్నా ముఖ్యం అప్పు. ఉద్యోగం రాకపోయినా, ఒంట్లో బాగోలేకపోయినా, మనసు నిలవకపోయినా పిల్ల ఇంటికి రాగలగాలి. ఇక్కడి జీతంతో మెల్లగానైనా తీర్చగలిగినంతే అప్పు చేస్తే, "తిరిగొస్తాను" అన్న మాటలో నిజం ఉంటుంది. అంతకు మించి ఖర్చయ్యే కాలేజీ అయితే, ఇంకాస్త చవకైనది వెతుకుదాం, లేదా ఒక ఏడాది ఆగుదాం. కాన్సులేట్‌కి పంపే ముందు పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని ఈ లెక్క కాగితం మీద వేసి చూపించండి. "నీకు రావాలనిపిస్తే వచ్చెయ్, లోన్ సంగతి మేం చూసుకుంటాం" అని ధైర్యంగా చెప్పగలమా? మీ ఇంట్లో ఏమంటారు?