మూత మీద పడ్డ దుమ్ము

అపోలో యాత్రికులు చంద్రుడి రాళ్లను నింపుకొచ్చిన పెట్టెలను గాలి చొరకుండా బిగిసేలా తయారు చేశారు. అక్కడి శూన్యం చెక్కుచెదరకుండా భూమికి చేరాలన్నది ఆలోచన. కొన్ని పెట్టెల విషయంలో అది నెరవేరలేదు. మూతకూ అంచుకూ మధ్య దుమ్ము చేరింది, సందులోంచి గాలి దూరింది.

చంద్రయాన్-4 కూడా ఇప్పుడు అదే పని మీద వెళ్లబోతోంది. 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం రూ.2,104.06 కోట్లతో ఆమోదించిన ఈ యాత్ర చంద్రుడి మట్టిని సేకరించి, పెట్టెలో మూసి, కక్ష్యలో చేతులు మార్చి, భూమికి తేవాలి. మన టీవీల్లో, పత్రికల్లో చర్చంతా డాకింగ్ గురించే, రాకెట్ల గురించే. దుమ్ము ఊసెత్తేవాళ్లు తక్కువ. ఎత్తాల్సిన సమయం మాత్రం ఇదే.

చంద్రుడి మీద గాలీ నీరూ లేవు కాబట్టి రేణువుల అంచులు అరగవు, పదును పోదు. దానికి తోడు విద్యుదావేశం. ఎండలోని అతినీలలోహిత కిరణాలు రేణువుల్లోంచి ఎలక్ట్రాన్లను ఊడగొడతాయి; సౌరపవనం కొత్త ఎలక్ట్రాన్లనూ అయాన్లనూ తెచ్చి పోస్తుంది. అలా ఆవేశం నిండిన దుమ్ము తగిలినచోటల్లా పట్టుకుంటుంది. 1972లో అపోలో-17 వ్యోమగాములు బ్రష్షులతో దులుపుకున్నా వదల్లేదు. వాళ్లలో ఒకరైన భూగర్భ శాస్త్రవేత్త హారిసన్ ష్మిట్ నడక ముగించి నౌకలోకి వచ్చి హెల్మెట్ తీశాక ముక్కు దిబ్బడేసింది. రాళ్లే ప్రాణంగా బతికిన మనిషికి వాటి పొడే పడలేదు!

ఆవేశంతో పట్టుకున్న దుమ్మును ఆవేశంతోనే వదిలించవచ్చు. ఇక్కడే ఎలక్ట్రాన్ పుంజం కథలోకి వస్తుంది. ఎలక్ట్రాన్లు కురిపిస్తే రేణువుకు ఋణావేశం వస్తుందని ఎవరైనా అనుకుంటారు. వేగం తక్కువగా ఉంటే జరిగేదీ అదే. వేగం పెంచితే లెక్క తిరగబడుతుంది. తగిలిన ఒక్కో ఎలక్ట్రానూ సగటున ఒకటికి మించి ఎలక్ట్రాన్లను బయటికి తన్నగలదు. వచ్చినవాటి కంటే పోయినవి ఎక్కువై రేణువు ధనావేశం వైపు మళ్లుతుంది.

ఒంటరి రేణువు సంగతి అది. కుప్పలో ఉంటే వరస వేరు. రేణువుల మధ్య సన్నని సందుల్లోకి పుంజం దూరినప్పుడు, ఊడిన ఎలక్ట్రాన్లకు బయటపడే దారి దొరకదు. పక్క రేణువులకే అంటుకుంటాయి. సందు చుట్టూ ఉన్న ముఖాలన్నిటిమీదా ఋణావేశం పేరుకుంటుంది. ఒకదాన్నొకటి గెంటుకుని రేణువులు పైకెగురుతాయి. కొలరాడో విశ్వవిద్యాలయంలో షూ వాంగ్, మిహాయ్ హోరాన్యిల బృందం 2016లో ఈ వివరణను ప్రయోగాలతో చూపింది. పాత సిద్ధాంతాలు ఊహించిన దానికంటే ఆవేశం ఎన్నో రెట్లు ఎక్కువని తేలింది.

అదే విశ్వవిద్యాలయం 2020లో ఈ సూత్రాన్ని శుభ్రతకు వాడి చూసింది. శూన్యపు గదిలో స్పేస్ సూట్ గుడ్డ మీద, గాజు మీద కృత్రిమ చంద్రధూళి చల్లి, సుమారు 230 ఎలక్ట్రాన్ వోల్టుల పుంజాన్ని వదిలారు. మన ఇళ్ల ప్లగ్గులో వోల్టేజీ అంకె కూడా అంతే! వంద సెకన్లకు అటూఇటూగా 75 నుంచి 85 శాతం శుభ్రమైంది. చివరి పలుచని పొర మాత్రం మొండికేసింది. రేణువులు ఒకే పొరగా మిగిలితే సందులుండవు, సందుల్లేకపోతే గెంటుడూ ఉండదు. పెట్టె మూతకు ఆ కాస్త మిగిలినా ప్రమాదమే కాబట్టి పుంజం ఒక్కదాన్నే నమ్ముకోవడం తెలివి కాదు. ఉపరితలంలోనే తీగలు పొదిగి మారే విద్యుత్ క్షేత్రంతో దుమ్మును జరిపే పద్ధతి ఇంకొకటి ఉంది. నాసా దాన్ని 2025 మార్చిలో బ్లూ ఘోస్ట్ ల్యాండర్‌తో చంద్రుడి మీదే పరీక్షించి నెగ్గింది.

ఈ పనికి మన దగ్గర సరుకు లేక కాదు. ఆవేశం నిండిన దుమ్ము కలిసిన ప్లాస్మాలో, అంటే ధూళి ప్లాస్మాలో, పుట్టే ఒక తరహా తరంగాన్ని 1990లో ముందుగా ఊహించిన ముగ్గురిలో ఒకరైన ఎన్.ఎన్.రావు అహ్మదాబాద్ భౌతిక పరిశోధనశాల శాస్త్రవేత్త. గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థలో ధూళి ప్లాస్మా మీద ప్రయోగాలు నడుస్తున్నాయి. శ్రీహరికోట నుంచి వెళ్లిన చంద్రయాన్-3లోని రంభా పరికరం దిగినచోట ఘనపు మీటరుకు 50 లక్షల నుంచి 3 కోట్ల ఎలక్ట్రాన్లు ఉన్నాయని కొలిచింది. ఆ దిగడంలోనే దాదాపు 2.06 టన్నుల పైమట్టి 108.4 చదరపు మీటర్ల మేర చెదిరిందని హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం లెక్కగట్టింది. తమిళనాడులోని సిత్తంపూండి రాళ్లతో ఇస్రో తనకు కావాల్సిన కృత్రిమ చంద్రమట్టినీ చేసుకుంది.

చంద్రయాన్-3లోని ప్రజ్ఞాన్ రోవర్ పనిచేసింది చంద్రుడి మీది ఒక్క పగలు, కాబట్టి దుమ్మును ఎక్కువకాలం తట్టుకోవాల్సిన అవసరం దానికి రాలేదు. నమూనాల పెట్టెకు ఆ వెసులుబాటు లేదు. దాని డిజైన్ ఖరారయ్యే లోపే సిత్తంపూండి మట్టి చల్లిన మూతను శూన్యపు గదిలో పెట్టాలి. ఒకసారి ఎలక్ట్రాన్ పుంజంతో, ఒకసారి తీగల పద్ధతితో, మరోసారి రెండూ కలిపి శుభ్రం చేసి, ప్రతిసారీ మూత బిగించి గాలి ఎంత చొరబడుతోందో కొలవాలి. ఇస్రో, గాంధీనగర్ సంస్థ కలిసి కూర్చుంటే ఇది యాత్ర ఖర్చులో లెక్కకు రానంత చిన్న పని.