నామకార్థ భక్తి



ఆదివారమున గంట మ్రోగకమునుపే దేవాలయమునకు బోవుట మంచి యలవాటు. కుటుంబ ప్రార్థన తప్పకుండుట, కానుక వేయుట, స్త్రీల సమాజమునకు హాజరగుట, ఇవియు మంచివే. వీనిని విడువుడని మేము చెప్పము. అయితే ఇవి యన్నియు నుండియు హృదయమునకు శాంతి లేకపోవచ్చును. ఇందులకు పండిత రమాబాయి జీవితమే సాక్ష్యము.

1858వ సంవత్సరమున జన్మించిన యీమె బాల్యముననే తల్లియొద్ద సంస్కృతము నేర్చెను. తలిదండ్రులతో క్షేత్రములు తిరిగి, కరవులో వారిని పోగొట్టుకొనెను. భర్త గతించిన పిమ్మట ఇంగ్లండునకు బోయి, 1883లో బాప్తిస్మము పొందెను. 1889లో బొంబాయియందు వితంతువుల కొఱకు శారదాసదనము స్థాపించెను. లోకము దృష్టికి ఇంతకంటె నుత్తమ క్రైస్తవురా లెవరు? అయినను, బాప్తిస్మమైన యెనిమిదేండ్లకు గాని తన కొఱత తనకు దెలియలేదని యామెయే తన సాక్ష్యమున వ్రాసికొనెను. క్రైస్తవ మతము తనకు దొరికినది గాని, క్రీస్తు దొరకలేదని యామె భావము.

ఆమె మునుపు సిద్ధాంతములను బుద్ధితో నొప్పుకొనెను. తన మంచితనము తన్ను రక్షింపజాలదనియు, క్షమాపణ ఉచితముగా నిప్పుడే పొందదగినదనియు పిమ్మట గ్రహించెను. పరోపకారము మునుపును చేసినదే. మాఱినది పని గాదు, పనికి మూలము. 1896-97 కరవులో మధ్యపరగణాలకు బోయి, దిక్కులేని బాలికలను వందలకొలది తెచ్చి, కేడ్గామునందు ముక్తి సదనమున బెంచెను. హెబ్రీ, గ్రీకు భాషలు నేర్చి, బైబిలును సులభమైన మరాఠీలోనికి మార్చుటలో 1922లో చనిపోవువఱకు శ్రమించెను.

ప్రభువు పరిసయ్యులను గద్దించినపుడు పుదీనా, సోపు, జీలకఱ్ఱల మాట యెత్తెను. వీనిలో పదియవ వంతు లెక్క తప్పక చెల్లించువారు న్యాయమును, కనికరమును, విశ్వాసమును మఱచిరి. ఇవి మన వంటయింటి దినుసులే గదా! కావున పరీక్షయు నక్కడనే మొదలు పెట్టుదము. పనికత్తె కూలి నిలువబెట్టి కానుకసంచిలో రూపాయి వేయుచున్నామా? కోడలు చేసిన పొరపాటును ప్రార్థనలో నామె వినునట్లు దేవునికి విన్నవించుచున్నామా? పుట్టింటికి వచ్చిన వితంతువైన ఆడుబిడ్డకు పెట్టు నన్నము మనస్ఫూర్తిగా బెట్టుచున్నామా?

ఈ ప్రశ్నలకు మన మనస్సాక్షి సిగ్గుపడినచో మఱికొన్ని నియమములు పెట్టుకొనుటవలన లాభము లేదు. రమాబాయి పొందిన క్షమాపణ మనకును గావలెను. దినమునకు పావుగంట, ఎవరును చూడని వేళ, తలుపు వేసికొని సువార్తలో నొక భాగము చదివి, ఉన్నదున్నట్లు ప్రభువుతో జెప్పుకొందము. చదివినది మన కెవరినైన జ్ఞాపకము చేసినచో, ఆ దినముననే వారియొద్దకు బోయి సమాధానపడుదము. కూలి బాకీయున్నచో తీర్చుదము. దేవుడు మనలను క్షమించెనని నమ్మిన స్త్రీకి ఇతరులను క్షమించుట భారముగా దోచదు. అట్టి తల్లి యున్న యింట బిడ్డలు ప్రార్థనను వాడుకగా గాక నిజముగా నేర్చుకొందురు.