పాడుచేస్తేనే పట్టుబడే విద్య

పాఠం వల్లించి మార్కులు తెచ్చుకోవచ్చు గాని, కంప్యూటర్ నిర్వహణ వల్లె వేస్తే వచ్చే విద్య కాదండీ! మన కరీంనగరంలో వెండితీగ పని నేర్చే కుర్రవాడు తీగ తెంపకుండానే పనివాడవుతాడా?

1991లో ఫిన్లాండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ అంకురార్పణ చేసిన లినక్స్ ఉచితంగానే దొరుకుతుంది. ఇంట్లో మూలపడిన కంప్యూటర్ ఉంటే, కావలసినవన్నీ వేరేచోట భద్రపరచి, అందులో లినక్స్ ఎక్కించండి. ఇక్కడ బొమ్మలమీద నొక్కడం కాదు, ఆజ్ఞ వ్రాయాలి. 'పి-డబ్ల్యు-డి' అంటే మీరే అరలో ఉన్నారో చెబుతుంది. 'ఎల్-ఎస్' అంటే ఆ అరలో ఏమున్నాయో చూపుతుంది.

ఇంటిఖర్చుల చిట్టా ఒకటి వ్రాయండి. బీరువా తాళం అందరి చేతికీ ఇవ్వం కదా! 'సి-హెచ్-ఎమ్-ఓ-డి 640' అని, పక్కన చిట్టా పేరు చేర్చండి. చదవడానికి 4, వ్రాయడానికి 2. యజమానికి రెండూ కలిపి 6, అతని బృందానికి చదువు మాత్రమే, 4, పరాయివారికి సున్న. ఆపైన బృందంలో లేని మరొకరి పేరుతో ప్రవేశించి చిట్టా తెరవబోండి. అనుమతి లేదంటుంది!

'ఆర్-ఎమ్'తో మాత్రం జాగ్రత్త! దానితో చెరిపినది చెత్తబుట్టలో కూడా మిగలదు. అందుకే ముందు 'సి-పి'తో నకలు తీసి, అసలు చెరిపి, నకలునుంచి తిరిగి తెచ్చుకోవడం సాధన చేయాలి. ఆ సాధన లేనివాడు రేపు ఏ ఆస్పత్రిలోనో ఉద్యోగానికి చేరి చెయ్యి జారితే, పోయేవి రోగుల వివరాలు.

కనుక తల్లిదండ్రులకు మనవి: "పాడుచేస్తావురా!" అని గదమకండి. పాడుచేసి బాగుచేసుకోవడానికే ఆ పాత యంత్రం!