సేవకు సర్టిఫికెట్ ఉంది... సంస్థకు మూడేళ్ల నిరీక్షణ

ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరిన విద్యార్థి రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి. ఏడు రోజుల ప్రత్యేక శిబిరానికీ వెళ్లాలి. గాంధీ శతజయంతి ఏడాది 1969లో 37 విశ్వవిద్యాలయాల్లో, 40 వేల మంది వాలంటీర్లతో మొదలైన పథకమిది. సర్టిఫికెట్ చేతికొచ్చాక కూడా కొందరికి ఆ పని వదలబుద్ధి కాదు. సొంతంగా స్వచ్ఛంద సంస్థ పెట్టాలనుకుంటారు. కోల్‌కతాలో అలాంటి యువతకు ఎదురయ్యేది ఏమిటి?

రిజిస్ట్రేషన్ పెద్ద అడ్డంకి కాదు. పశ్చిమ బెంగాల్ సొసైటీల చట్టం (1961) ప్రకారం ఏడుగురు సభ్యులుంటే చాలు. తెలుగు రాష్ట్రాల్లో అమల్లో ఉన్న 2001 నాటి చట్టం అడిగేదీ ఏడుగురినే. చిక్కంతా డబ్బు దగ్గరే.

నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) కింద ఖర్చు చేయాలి. కానీ ఆ నిధులు అందుకునే బయటి సంస్థకు అదే తరహా పనిలో కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలి. విదేశీ విరాళాల (ఎఫ్‌సీఆర్‌ఏ) రిజిస్ట్రేషన్‌కూ మూడేళ్లు పూర్తి కావాలి, ఆ కాలంలో రూ.15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. పెద్ద సంస్థ తాను తెచ్చుకున్న విదేశీ నిధుల్లో కొంత చిన్న సంస్థకు బదిలీ చేసే దారి ఒకప్పుడు ఉండేది. 2020 సవరణ దాన్నీ మూసేసింది.

నిబంధనల వెనుక కారణం లేకపోలేదు. కాగితాల మీదే ఉండే సంస్థలకు ప్రజల సొమ్ము చేరకూడదు. అయితే పేరున్న సంస్థలకూ ఈ చట్టంతో ఇబ్బంది తప్పలేదు. కోల్‌కతా కేంద్రంగా 1950 నుంచి పనిచేస్తున్న మిషనరీస్ ఆఫ్ చారిటీకి 2021 డిసెంబరు 25న కేంద్ర హోంశాఖ ఎఫ్‌సీఆర్‌ఏ రెన్యువల్ నిరాకరించింది. జనవరి మొదట్లోనే పునరుద్ధరించింది. అంతటి సంస్థ కొన్ని రోజుల్లో గట్టెక్కింది. నిన్న మొన్న పుట్టిన సంఘానికి అంత బలం ఎక్కడిది?

ఈ మూడేళ్లూ నెట్టుకురాగలిగేది ఎవరు? ఇంటి నుంచి ఆసరా ఉన్నవారే. మొదటి జీతం కోసం ఇల్లంతా ఎదురుచూసే విద్యార్థి, ఎంత బాగా సేవ చేసినా, ఉద్యోగం వెతుక్కోక తప్పదు. బస్తీ గురించి బాగా తెలిసింది మాత్రం తరచుగా అతనికే.

ప్రస్తుతానికి ఆచరణలో ఉన్న మార్గం, పాత సంస్థ నీడలో ఒక ప్రాజెక్టుగా మొదలుపెట్టి, లెక్కలు, ఆడిట్ నేర్చుకుని తర్వాత విడిపోవడం. ప్రభుత్వం చేయగలిగిందీ ఒకటుంది. 2023 అక్టోబరు 31న ప్రారంభించిన 'మై భారత్' వేదిక ఇప్పటికే వాలంటీర్లను నమోదు చేసుకుంటోంది. సేవా రికార్డు ఉన్నవారికి కఠిన ఆడిట్ షరతుతో తొలి మూడేళ్లకు చిన్న మొత్తం ఇస్తే సరిపోతుంది. 240 గంటల సేవకు విలువ ఉందని నమ్మితే, ఆ విలువ సర్టిఫికెట్ దగ్గరే ఆగకూడదు.