ఆగిన యంత్రము

నడిగడ్డలోని ఇటిక్యాలనుండి కోడికూతతో బయలుదేరి, బీచుపల్లికడ కృష్ణను దాటి, 44వ జాతీయ రహదారివెంట హైదరాబాదు చేరిన గృహస్థుడొకడు, వినోదోద్యానమున బిడ్డలకు టిక్కెట్లు కొని, గంటసేపు వరుసలో నిలిచిన పిమ్మట, రోలర్ కోస్టరు గుమ్మమున "తాత్కాలికముగా మూయబడినది" అను పలకను చూచినచో అతనికి కోపము వచ్చుట సహజమే. డబ్బు పోయినది, దినము పోయినది, బిడ్డల మొగములు వాడినవి. అయినను ఆ కోపము తగినచోటికే పోవుచున్నదా యని విచారింపవలసియున్నది.

రోలర్ కోస్టరు బండికి సాధారణముగా ఇంజను ఉండదు. గొలుసొకటి దానిని శిఖరమునకు లాగి విడుచును. అటుపిమ్మట భూమ్యాకర్షణమే దానిని నడుపును. ఒకమారు జారిన బండిని నడిదారిలో తనయిచ్చ వచ్చినచోట ఆపుట ఎవ్వరి తరమును గాదు. కావుననే పట్టాను ఖండములుగా విభజించి, ఒక్కొక్క ఖండమున ఒక్క బండియే యుండవలెనని నియమించిరి. ఇది మనకు క్రొత్త సంగతి గాదు. కాచిగూడ-కర్నూలు రైలుమార్గమున ప్రయాణించువారు, ముందరి బండి తొలగువరకు తమ బండి సిగ్నలుకడ నిలిచియుండుటను ఎరుగుదురు. రోలర్ కోస్టరునందు ఆ కావలిపనిని పట్టావెంట అమర్చిన సెన్సార్లును, వాని వార్తలను సరిపోల్చు కంప్యూటరును చేయుచుండును. బండి రావలసిన వేళకు రాకున్నను, ప్రయాణికుని పట్టియుంచు కడ్డీ సరిగా పడలేదని తోచినను, ఒక సెన్సారు సాక్ష్యము మరియొకదానితో పొసగకున్నను, యంత్రము సంశయమునే అపాయముగా నెంచి ఆగిపోవును. దుమ్ము పట్టిన చిన్న సెన్సారు సయితము ఆటనంతటిని నిలుపగలదు.

ప్రకృతియు ఇందు పాలుగొనును. ఎదురుగాలి బలముగా వీచినచో బండి వేగము తగ్గి, తరువాతి మిట్ట నెక్కలేక పల్లమున చిక్కుకొనవచ్చును. చలికి కందెన చిక్కనై బండి మందగించును. పిడుగులు పడు వేళ ఎత్తైన ఉక్కు కట్టడముపై మనుష్యులను త్రిప్పరాదు. విద్యుత్తు పోయినచో బ్రేకులు విడిపోవునని కొందరు భయపడుదురు. కాని పెక్కు కోస్టర్లలో బ్రేకులను తెరచియుంచుటకే గాలియొత్తిడి కావలయును. అది తగ్గినతోడనే బ్రేకులు బిగియును. ఇవిగాక, అరిగిన చక్రములను మార్చుటకును, ఉక్కులో కంటికి కానరాని పగుళ్లను వెదకుటకును బండ్లను విప్పి చూచు దినములు వేరుగా నున్నవి.

యంత్రపు మాట వినని చోట ఏమగునో ఇంగ్లాండు మనకు చూపినది. అచటి ఆల్టన్ టవర్సు ఉద్యానమున 2015 జూన్ 2వ తేదీన, 'స్మైలర్' అను కోస్టరుపై పరీక్షకై పంపిన ఖాళీబండి గాలిలో చిక్కి పట్టాపై నిలిచిపోయినది. కంప్యూటరు తన ధర్మమును తాను నెరవేర్చి వెనుక బండిని ఆపినది. ఖాళీబండి అచట నున్నదని గ్రహింపని సిబ్బంది, ఆ నిలుపుదల పొరపాటని తలచి, దానిని త్రోసిపుచ్చి, పదునార్గురు కూర్చున్న బండిని వదలిరి. ఇద్దరు యువతులు చెరియొక కాలు కోల్పోయిరి. మరికొందరు తీవ్రముగా గాయపడిరి. 2016 సెప్టెంబరులో న్యాయస్థానము ఆ యాజమాన్యమునకు 50 లక్షల పౌండ్ల జరిమానా విధించినది. అచట తప్పిపోయినది యంత్రము గాదు, మనుష్యుని ఓర్పు.

మన రైతు సోదరులకు ఇంతదూరపు దృష్టాంతము అక్కరలేదు. బోరుబావి స్టార్టరు మాటిమాటికి పడిపోవుచున్నదని, నీరు పారించు తొందరలో దానిని పుల్ల పెట్టి బిగించినవాడు, మరునాడు కాలిన మోటారును బండికెత్తుకొని వైండింగు దుకాణమునకు పోవును. పొలమున కాలినది రాగితీగ. ఉద్యానమున ఆ తొందరకు బలియగునది బిడ్డల ప్రాణము.

కావున ఆగిన యంత్రమునకంటె ఆగనేరని యంత్రమునకే మనము వెరవవలెను. జాతరలలో ఒక్క రాత్రిలో బిగించి, మూడవనాడు విప్పి, వేరొక యూరికి తరలించు రంగులరాట్నములు గలవు. వానిలో పెక్కింటికి సెన్సారు లేదు, కంప్యూటరు లేదు. త్రిప్పువాని కన్నును చెవియునే కావలి. అవి తాత్కాలికముగా మూయబడుట మనమెన్నడైన చూచితిమా? అది భద్రతకు గురుతు గాదు. పెద్దనగరములందును ఈ యేమరుపాటు లేకపోలేదు. 2019 జూలై 14వ తేదీన అహమ్మదాబాదులో కాంకరియా సరస్సుకడ ఊయలయంత్రమొకటి ఆడుచుండగనే విరిగిపడి ప్రాణములను బలిగొన్నది.

భారత ప్రమాణముల సంస్థ వినోదయంత్రముల భద్రతకై నియమములను ప్రకటించియున్నది. వానిని పుస్తకములందే నిలువనీయక, ప్రతి జాతరకును ముందు ఇంజనీరు ఒకడు రాట్నపు ఇరుసులను, మరలను, విద్యుత్తు తీగలను పరీక్షించి వ్రాతమూలకముగా ఒప్పుకొననిదే అనుమతి నీయరాదని జిల్లాధికారులను కోరుచున్నాము. ఉద్యానముల యజమానులు సయితము మూసివేతకు కారణమును పలకపై స్పష్టముగా వ్రాసి, ఆటకు ప్రత్యేకముగా గొన్న రుసుమును తిరిగి ఈయవలెను. కారణము చెప్పని మూసివేత అనుమానమునకే తావిచ్చును.

ఇక పాఠకులకు మా మనవి యొక్కటి. ఇకమీదట అట్టి పలక ఎదురైనపుడు, అచట నిలిచిన కూలివానిపై కేకలు వేసి, "ఒక్కమారు త్రిప్పుము, ఏమగును?" అని తొందరపెట్టకుడు. ఆ తొందరకు లొంగువాడు మన మేలుకోరువాడు గాడు. దినము వ్యర్థమైనదని బిడ్డ యేడ్చినచో మిఠాయి కొనియిచ్చి ఓదార్పవచ్చును; ఆ బిడ్డ ఇల్లు చేరుటకంటె తల్లిదండ్రులకు కావలసినదేమున్నది?